సాక్షి లేని పిట్ట చెల్లదు

మా మామగారు ఒక్కరే చూసిన పిట్ట లెక్కలోకి రాదు. అది ఎదురుగా కూర్చుని కూసినా సరే, పక్కన ఇంకో మనిషి చూసి, పుస్తకంలో సంతకం పెడితేనే పిట్ట. లేకపోతే ఉత్త పుకారు. ముప్ఫై ఏళ్లు కోర్టులో గుమాస్తాగా చేసిన మనిషికి చలికాలంలో పిట్టలు చూసే పిచ్చి పడితే ఇలాగే ఉంటుంది.

పాలవాడు గోరింకకి సంతకం పెట్టాడు. గ్యాసు తెచ్చినవాడు భుజం మీద బండ దించకుండానే లకుముకి పిట్టకి పెట్టాడు. ఇరవై చలికాలాలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన మా అత్తగారు, "నా పెళ్లికే ఒక్క సంతకం పెట్టాను, మీ కొంగలకి ఎన్ని పెట్టాలి?" అని కలం విసిరేశారు. చలి మొదలవగానే మా ఆయనకి ఆఫీసులో పని పెరిగిపోతుంది.

ఆ ఏడు నేను దొరికాను. ఇంట్లోనే పడున్నాను మరి. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. అక్కడ ఇద్దరి రక్తం గొట్టాల మీద పేర్ల చీటీలు తారుమారయ్యాయి. రక్తం తీసే గదిలోనే ఎవరో అంటించేశారు, నా చేతికి వచ్చేసరికే అవి ఉన్నాయి. విచారణలో పెద్ద డాక్టరు గుచ్చి అడిగేసరికి నేను, "అంటించే ఉన్నాయనుకుంటానండి" అన్నాను. కళ్లతో చూసినదాన్ని అనుకోవడమేమిటి? తప్పంతా నా నెత్తిన రుద్ది, మళ్లీ పిలిచేదాకా రావద్దని ఇంటికి పంపారు. వాళ్ల మీద కన్నా నా మీద నాకే ఎక్కువ మండింది. నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకుని, ఐదో రోజు రాజీనామా రాసి, కవర్లో పెట్టి పోస్టు చెయ్యమని మామగారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, కవర్లోంచి తీసి చదివి, పట్టుకెళ్లారు.

మర్నాడు పొద్దున్నే తలుపు బాదారు.

"అమ్మాయ్, పెరట్లో పిట్ట. సాక్షి కావాలి."

"నాకు పిట్టలొద్దు మామయ్యగారూ."

"నీకు కావాలని ఎవరన్నారు? నాక్కావాలి."

ఇంతెత్తున లేచి, దుప్పటి కప్పుకునే వెళ్లాను. గోడ పక్కన ఒక పిట్ట తోక ఊపుకుంటూ తిరుగుతోంది. పొట్ట ఏ రంగన్నారు. పసుపనుకుంటానన్నాను. ఆయన పుస్తకంలో రాసిందాన్ని బర్రున కొట్టేశారు.

"అనుకునేవాళ్లు సాక్షులు కారు. రేపు మళ్లీ రా."

ఆ కొట్టివేత చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. పంతం కొద్దీ మర్నాడు వెళ్లి, ఆ పిట్ట పొట్ట, వీపు, కాళ్లు అన్నీ ఏకరువు పెట్టి సంతకం గీకాను. ఆయన మెచ్చుకుంటే ఒట్టు. ఇక రోజూ ఇదే వరస. కోత కోసిన పొలాల్లో మంచులో నిలబెట్టారు. చిత్తడి నేలలో మోకాలి దాకా దింపారు. అక్కడ నా చెప్పు ఒకటి ఊబిలోనే ఉండిపోయింది, దానికి మాత్రం సాక్షి అక్కర్లేదట.

ఇంతలో ల్యాబు నుంచి ఫోను వచ్చింది, సోమవారం రెండో విచారణ అని. రాజీనామా పంపాక కూడా వీళ్లకి ఇంకా ఏం కావాలని తిట్టుకున్నాను. వెళ్లేది లేదని ఇంట్లో తెగేసి చెప్పాను.

ఆదివారం చిత్తడి నేలలో ఒక బాతు కనిపించింది. కంటి మీద తెల్లటి గీత. మామగారు బైనాక్యులర్స్ నా చేతిలోంచి లాక్కుని, గీత కంటికి కింద ఉందన్నారు. పైనే ఉందన్నాను. కిందే అన్నారు. తనకు ఇరవై ఏళ్ల అనుభవమన్నారు, నాకు నాలుగు వారాలు కూడా లేదన్నారు.

"పెద్దవాణ్ణి చెప్తున్నాను, కచ్చితంగా పైనేనా?"

"ఎవరు చెప్తే ఏంటండీ? చూశాను కాబట్టి చెప్తున్నా. పైనే!"

బాతు కూడా జడుసుకుని లేచిపోయింది. ఆయన మాత్రం తాపీగా "పైన" అని రాసి పుస్తకం మూశారు. ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక బాతు కోసం ఇంత గొంతు చించుకున్నదాన్ని, నా కోసం నోరెత్తలేకపోయానే అని.

సోమవారం వెళ్లాను. చీటీలు నేను అంటించలేదని కచ్చితంగా చెప్పగలనా అని పెద్ద డాక్టరు అడిగారు.

"చూశాను కాబట్టి చెప్తున్నానండి. నా చేతికొచ్చేసరికే అంటించి ఉన్నాయి. ఒకదాని మూల లేచి కూడా ఉంది."

"అనుకుంటున్నారా?"

"అనుకోవడం లేదండి."

రక్తం తీసే గదిలోవాళ్లని పిలిపించి అడిగితే, చీటీలు తామే అంటించామని ఒప్పుకున్నారు. పెద్ద డాక్టరు నన్ను రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. మరి నా రాజీనామా వెనక్కిచ్చెయ్యండన్నాను. ఏ రాజీనామా అని ఆయన తెల్లబోయారు.

ఆ కవరు ఇచ్చింది మామగారికే కదా అని, ఇంటికొచ్చి నేరుగా ఆ పిట్టల పుస్తకం తెరిచాను. నా కాగితం అందులోనే మడిచి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో, "సాక్షి సంతకం లేదు. చెల్లదు." కింద, ఇక జన్మలో కలం పట్టనన్న మా అత్తగారి సంతకం.

కోపంగా దాన్ని తీసుకెళ్లి మామగారి ముందు పెట్టాను.

"ఒకరి ఉత్తరం దాచెయ్యడం నేరం కాదా మామయ్యగారూ?"

ఆయన నాకన్నా గట్టిగా కసిరారు. "గదిలో ఒక్కదానివే కూర్చుని ఏడుస్తూ రాసిన కాగితం ఏ కోర్టులో చెల్లుతుంది? అయినా రెండో సాక్షి లేక చెల్లదన్న ఆ తీర్పు అలాగే పెండింగులో ఉంది. పెడతావా, పెట్టవా?"

వంటింట్లోంచి అత్తగారు గరిటెతోనే గుమ్మంలోకి వచ్చారు. నేను ఆయన చేతిలో కలం లాక్కుని, అత్తగారి పేరు కింద నా సంతకం పెట్టాను.