సారు పోసినా ఎగిరిన సున్నం

సకల జనుల సమ్మె మొదలై బళ్లకు తాళాలు పడ్డాక, పొద్దంతా రాందాస్ చౌరస్తా టెంటులో కూర్చుని నినాదాలిచ్చి ఇంటికొచ్చేవాణ్ని. ఏళ్ల తరబడి హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పిన నోరు నినాదాలతో ఊరుకుంటుందా? తెలంగాణ వస్తుంది సరే, పిల్లలు పదో తరగతి తప్పితే ఆ తెలంగాణలో ఏం చేస్తారని ఒకరోజు టెంటులోనే అడిగాను. మా టీచర్ల సంఘం వాళ్లు నన్ను కొరికి మింగేలా చూశారు. బళ్లో చెప్పను, టీవీలో చెబుతాను, అది సమ్మెకు అడ్డం రాదని నేనూ అంతే గట్టిగా అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మెదక్‌లో అందరికీ తెలుసు కాబట్టి వదిలేశారు.

కేబుల్ కరుణాకర్ తన హ్యాండీక్యామ్ తెచ్చాడు. మా వంటిల్లే లాబు. నా భార్య సుశీల గిన్నెలే పరికరాలు. రోజూ ఒక పాఠం రికార్డు చేసి, కరెంటు ఉండే వేళ చూసుకొని మా ఊరి చానల్లో వేసేవాళ్లం. పాఠం చివర కొన్ని ప్రశ్నలిచ్చి, జవాబులు ఫోన్లో చెప్పమనేవాణ్ని. పిల్లలు రెండు రోజులు చేసి మానేశారు, వాళ్లకు సెలవులు ముద్దు. మానకుండా చేసింది మాత్రం యాదలక్ష్మి.

ఆమె మా గల్లీ వెనకే ఉంటుంది, అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతే టీచరు కావచ్చని ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. మొదట్లో ఆమె జవాబులు వింటే నవ్వొచ్చేది. సమీకరణం తుల్యం చేయమంటే హైడ్రోజన్‌కు రెండు చేర్చి ఆక్సిజన్‌ను గాలికి వదిలేసేది. "అటు ఎన్ని పరమాణువులుంటే ఇటు గన్నే ఉండాలమ్మ, నడుమల ఎవ్వరు ఎత్కపోరు" అని కసురుకునేవాణ్ని. మరునాడు మళ్లీ ఫోన్ చేసేది. ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చేసరికి పసుపు నీళ్లలో సబ్బు కలిపితే ఎందుకు ఎర్రబడుతుందో నాకే తిరిగి చెప్పింది.

ఆ తర్వాతి పాఠం ఉష్ణమోచక చర్యలు. వేడిని బయటికి వదిలే చర్యలన్నమాట. పొడి సున్నం గడ్డ మీద నీళ్లు పోసి చూపించడం ఎన్నోసార్లు చేసిందే. కానీ ఆ రోజు కరెంటు పోయే వేళ దగ్గరపడింది. కరుణాకర్ తొందర పెడుతున్నాడు. స్టీలు గిన్నెలో ఇంత గడ్డ పెట్టి, చెంబులో అడుగున ఉన్న కాసిని నీళ్లు పోసి, మొహం దగ్గరగా పెట్టి మాట్లాడుతున్నాను. గడ్డ పటపటమని పగిలి నా మీదికి చిమ్మింది. కళ్లద్దాలు తెల్లబడ్డాయి. నేను వెనక్కి ఎగిరి గూట్లోని డబ్బాలన్నీ కింద పడేశాను. కరుణాకర్ దాన్ని తీసెయ్యకుండా అట్లాగే టీవీలో వేశాడు. టెంటులో రెండు రోజులు నన్ను ఆటపట్టించారు.

మూడో రోజు యాదలక్ష్మి మా ఇంటికి వచ్చింది. సుశీల ఇచ్చిన చాయ్ ముట్టలేదు. మొహం పాలిపోయి ఉంది.

"సారూ, ఒక్క మాట అడుగుత. కోపం చేసుకోవద్దు."

"అడుగమ్మ."

"మీరు మొగోళ్లు గదా. మీరు పోస్తే గూడ సున్నం గట్లెందుకు ఎగిరింది?"

నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నాకు కోపమే వస్తుంది. "మొగోడైతేంది, ఆడిదైతేంది, సున్నానికేం తెలుస్తది?" అన్నాను.

ఆమె గోడ పట్టుకొని కిందనే కూర్చుంది. "నిజంగనే తెల్వదా సారూ?" అంది.

అప్పుడు చెప్పింది. పెళ్లయిన మొదటి ఏడు, పెత్రమాస అమావాస్యకు ముందు ఇంటికి సున్నం వేస్తున్నారు. అత్త రామమ్మ తట్టలో సున్నం గడ్డలు పోసి నీళ్లు పొయ్యమంది. ఈమె పోసింది. భర్త పరశురాం వంగి చూస్తుంటే సున్నం ఎగిరి అతని కంట్లో పడింది. దవాఖానాకు తీసుకుపోయినా ఆ కన్ను పోయింది. ఆ రోజు నువ్వు ఎట్లా ఉన్నావని అత్త అడిగితే, ముట్టులో ఉన్నానని నిజం చెప్పింది. కొత్త కోడలు, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి అందాకా దాచిందట. ఇక అంతే. ముట్టుతో సున్నం తాకి మొగుడి కన్ను తీసిందన్నారు. ఆ ఇంట్లో సున్నం, పచ్చడి జాడీ ఆమె ముట్టకూడదు. ఏటా సున్నం వేసే రోజు పాపన్నపేటలోని తల్లిగారింటికి పంపించేస్తారు.

"వాళ్లు అన్నరని గాదు సారూ. నేను గూడ గదే నమ్మిన. గా కన్ను సూసినప్పుడల్ల నేనే తీసిన అనుకున్న."

సున్నం, నీళ్ల సమీకరణాన్ని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాసి తుడిచానో. మా ఇంటి వెనక గల్లీలో ఒక మనిషి దాని కింద నలిగిపోతోందని నాకు తట్టనైనా తట్టలేదు. సుశీల చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు సున్నం ఏస్తరు. పొద్దుగాల్నే నన్ను తోలుతరు. మీరొచ్చి చెప్పుండ్రి సారూ" అంది యాదలక్ష్మి.

"నేను చెప్తే ఇంటరా?"

"ఇంటరో ఇనరో. మీకెట్ల ఎగిరిందో గట్ల సూపెట్టుండ్రి."

మరునాడు పొద్దున్నే పోయాను. పరశురాం స్టూలు వేశాడు. ఒకప్పుడు మేస్త్రీ పనికి పోయేవాడు, కన్ను పోయాక పంక్చర్ల షాపు పెట్టుకున్నాడు. దండెం కింద యాదలక్ష్మి సంచీ సర్ది పెట్టి ఉంది. "రాండ్రి సారూ, టీవీల మస్తు చెప్తున్నరు" అంది రామమ్మ. నేను వచ్చిన పని చెప్పగానే ఆమె మొహం బిగిసింది.

"గివి ఆడోళ్ల ముచ్చట్లు సారూ. మీ సదువులల్ల ఉండయి."

కోపం గొంతు దాకా వచ్చింది, మింగాను. "సరే అవ్వా, మీరే పోయుండ్రి" అన్నాను.

వాకిట్లో ఇనుప తట్టలో ఒక గడ్డ పెట్టాను. అందరినీ దూరం జరిపి, పొడుగు కర్రకు గంటె కట్టి ఆమె చేతికిచ్చాను. రామమ్మ కాసిని నీళ్లు వంచింది. కాసేపు ఏమీ కాలేదు. "సూసిన్రా" అని ఆమె అనబోయేంతలో గడ్డ పటపటలాడి, వేడి సున్నం తలుపు దాకా చిమ్మింది. కర్ర ఆమె చేతిలోంచి జారిపోయింది.

"నాకు ముట్టు ఆగిపోయి ఏండ్లు గడిచె" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే.

ఇంకో గడ్డను గంటెతో నిండు నీళ్ల డ్రమ్ములోకి జార్చాను. బుడబుడమంది, నీళ్లు వేడెక్కాయి, ఎగరలేదు. నీళ్లు నిండుగా ఉంటే పుట్టిన వేడిని పీల్చుకుంటాయి, కొంచెమే ఉంటే అక్కడికక్కడే ఆవిరై సున్నాన్ని ఎగజిమ్ముతాయని చెప్పాను. ఆ రోజు ఎన్ని నీళ్లు పోశారని అడిగాను.

రామమ్మ జారిన కర్రను తీసి గోడకు ఆనించింది. "నల్లా రాలే గా దినం. చెంబెడు పొయ్యి సాలన్న. నేనే అన్న."

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు పరశురాం తల వంచుకొని, "నాకెరుకే" అన్నాడు.

అందరం అతని వైపు తిరిగాం.

"మేస్త్రీ పనిల శానసార్లు సూసిన. నీళ్లు తక్కువైతే ఎగురుతదని ఎరుకే."

"మరి చెప్పకపోతివి?" అని అడిగింది యాదలక్ష్మి. గొంతు పెంచలేదు.

"అమ్మ మీదికొస్తదని."

తెలియని వాళ్లకు చెప్పడమే ఇన్నేళ్లూ నా పని. తెలిసిన మనిషి పెళ్లాం మొహం రోజూ చూస్తూ నోరు మూసుకొని బతికాడంటే, అతనికి ఏ పాఠం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ పూట నేను పడిన దిగ్భ్రాంతి ఇప్పటికీ తీరలేదు.

యాదలక్ష్మి ఏడవలేదు. లేచి దండెం కింది సంచీ తీసింది. తన రెండు చీరలు బయట పెట్టింది. పరశురాం అంగీ, లుంగీ మడిచి అందులో పెట్టి, తెచ్చి అతని ఒళ్లో ఉంచింది.

"బస్సుల్లేవు, ఆటో ఎక్కు. పాపన్నపేటల మా అవ్వకు చెప్పు, ఈసారి నువ్వొచ్చినవని. ఎందుకొచ్చినవో గూడ నువ్వే చెప్పు."

తర్వాత కొంగు నడుముకు దోపుకొని అత్త వైపు తిరిగి, "కుంచె ఏడున్నదత్తా?" అంది.

పరశురాం తల్లి వైపు చూశాడు. రామమ్మ అతని వైపు చూడలేదు. కుంచె తేవడానికి లోపలికి పోయింది. కాసేపు చూసి, అతను సంచీ పట్టుకొని లేచాడు.