ఎలాడియోకు నచ్చని సిద్రా

ఎలాడియోకు నచ్చే సిద్రా ఇంకా ఏ పీపాలోనూ పులియలేదు. స్పెయిన్‌లోని ఒవియెదో ఊళ్లో గస్కోనా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సిద్రా దుకాణాలే. డెబ్బై ఎనిమిదేళ్ల ఈ పెద్దమనిషి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు వాటిలో ఒకదాంట్లో దూరేవాడు. ఆపిల్ రసం పులిసిన ఆ పానీయాన్ని ఒక్క గుక్కలో పట్టించి, ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి, "ఛీ, దీంట్లో ప్రాణం లేదు!" అనేవాడు. అనేసి ఇంకో గ్లాసు అడిగేవాడు.

కారణాలు మాత్రం పూటకొకటి.

"ఈ పళ్లు మంగళవారం కోశారు. నాలిక్కి తెలిసిపోతోంది."

"ఈ పీపా పక్కన మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారు. అందుకే ఇంత పులుపు."

ఒలాయా పనిలో చేరిన మొదటిరోజునే ఈయన ఆవిడకు తగిలాడు. ఆవిడ ముప్పై ఏళ్లు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేసింది. అది మూతపడింది. యాభై రెండేళ్ల మనిషికి ఇంకెవరూ పని ఇవ్వలేదు. చివరికి ఆ వీధిలోనే గ్రాసియానో తన దుకాణంలో సిద్రా పోయడానికి ఒక వారం చూస్తానన్నాడు.

"శనివారం నేనే నిలబడి చూస్తా. గ్లాసులో పడిందా, ఉంటావు. నేల మీద పడిందా, ఇంటికెళ్తావు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, మాట కత్తిరించినట్టు ఉంటుంది.

పోయడమంటే మాటలా! సీసాని కుడిచేత్తో తలపైకి ఎత్తాలి. గ్లాసుని ఎడమచేత్తో మోకాళ్ల దగ్గర పట్టాలి. చూపు మాత్రం ఎదురుగా ఉండాలి, సీసానీ గ్లాసునీ చూడటం పరువు తక్కువ. సిద్రా సన్నటి ధారగా దిగి గ్లాసు అంచుకు తగిలి నురగ కట్టాలి. పోసేది ఒక్క గుక్కెడే, నురగ చావకముందే తాగేయాలి. అడుగున నాలుగు చుక్కలు మిగిల్చి, మూతి తగిలిన అంచు మీదుగా రంపపు పొట్టు చల్లిన నేల మీదికి విసరాలి. పక్కవాడు తాగాల్సిందీ ఆ గ్లాసులోనే మరి.

ఒలాయా మొదటిసారి పోసింది మొత్తం ఎలాడియో ఎడమ బూటులోకి దిగింది. ఆయన బూటు చూశాడు, సీసా చూశాడు.

"ఈ సీసా మెడ వంకర. ఇంకోటి తే."

మర్నాడు కుడి బూటు తడిసింది.

"కొండల అవతల లియోన్ వైపు నుంచి గాలి కొడుతోందమ్మాయ్. ఈ గాలికి సిద్రా సూటిగా దిగదు."

"తలుపులన్నీ వేసే ఉన్నాయి కదండీ!"

"అందుకే, బయటికెళ్లే దారిలేక లోపలే తిరుగుతోంది."

ఆయన వచ్చాడంటే నాలుగు సీసాలు తెరవాల్సిందే. నాలుగు సీసాలంటే ఒలాయా చెయ్యి ఇరవైసార్లు పైకి లేవాలి. శుక్రవారానికి ఆవిడ భుజం పట్టేసింది.

"ఈయన నా ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపోడు!" అని వంటింట్లో మొత్తుకుంది.

వంటమనిషి ఎర్మినియా నవ్వి, బాణలిలో చోరీసో మాంసం ముక్కలు తిప్పుకుంది.

శనివారం రానే వచ్చింది. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. గ్రాసియానో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నట్టనడి బల్ల దగ్గర, ఇంకెవరు, ఎలాడియో.

ఒలాయా సీసా ఎత్తింది.  ధార వెళ్లి యజమాని పంట్లాం మీద పడింది.  గ్రాసియానో తలుపు వైపు వేలు చూపించబోయాడు.

"ఆగవయ్యా గ్రాసియానో!" ఎలాడియో గ్లాసులో పడ్డ నాలుగు చుక్కలూ చప్పరించాడు. "ఇది పీపా అడుగుది, బరువెక్కువ. దీన్ని నువ్వు పోసినా పక్కకే పోతుంది. అమ్మాయ్, మిగతాది ఆ బల్లకి పోసెయ్. వాళ్లు పక్క ఊరు హిహోన్ వాళ్లు, తేడా తెలీదు. నాకింకోటి తే!"

"ఏం కూశావ్ ముసలాయనా?" అని హిహోన్ వాళ్లు లేచారు. లేచినవాళ్లు ఊరకే నిలబడతారా, అందరూ ఒకరి తర్వాత ఒకరు గ్లాసు పట్టించారు.

రెండో సీసా సగం గ్లాసులో, సగం నేల మీద పడింది.

"నీడన పెరిగిన చెట్టుది. ఆ మూలనున్న పెళ్లివారికి పొయ్!"

మూడోది తిత్తిబూర ఊదేవాడికి పోయించాడు, నాలుగోది ఎవరో తద్దినం పెట్టుకుని వచ్చిన చుట్టాలకి. వాళ్లు ఏడుపు మాని పెళ్లివారితో కలిసి పాట అందుకున్నారు. ఒలాయా బల్లబల్లకీ తిరుగుతూ పోస్తోంది, చెమటలు కక్కుతోంది. ఏడో సీసాకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో భయం సంగతే మర్చిపోయింది.

"ఇదైనా నచ్చుతుందా, లేక ఆ ఆపిల్ చెట్టునే పిలిపించమంటారా?" అని ఎలాడియో మొహంలోకి గుడ్లురిమి చూస్తూ సీసా ఎత్తి వంచింది.

ధార దారం వేలాడదీసినట్టు దిగింది. గ్లాసు ఖంగుమంది, నురగ పొంగింది, నేల మీద చుక్క పడలేదు! దుకాణం చప్పట్లతో అదిరిపోయింది. తిత్తిబూర మోగింది, హిహోన్ వాళ్లు బల్లలెక్కారు.

గ్రాసియానో తడి పంట్లాంతోనే ముందుకొచ్చాడు. "సోమవారం పదింటికి వచ్చెయ్. పని నీదే" అన్నాడు.

ఒలాయా ఆనందం పట్టలేక గ్లాసుని ఎలాడియో మూతి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వు తాగు" అన్నాడాయన.

వారమంతా పోయడమే గానీ ఆవిడ చుక్క రుచి చూసిందిలేదు. ఒక్క గుక్కలో పట్టించింది.

"పెద్దాయనా! ఇది అమృతంలా ఉంది కదా!"

"ఉంటుంది."

"మరి ఆ ఆరు సీసాలూ?"

"అవీ అంతే. అన్నీ ఒకే పీపావి."

ఒలాయా నోరెళ్లబెట్టింది. సీసాని అన్నాడు, గాలిని అన్నాడు, పీపాని అన్నాడు, చెట్టుని అన్నాడు. వారం మొత్తంలో ఆవిడ చేతిని ఒక్క మాట అనలేదు. ఆవిడ కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

"అయితే ఈ వీధిలో సిద్రా అంతా బావుంటుందన్నమాట!" అంది.

"ష్, గట్టిగా అనకు తల్లీ!" ఎలాడియో కంగారుగా అటూ ఇటూ చూశాడు. "ఎదురు దుకాణంలో సోమవారం సిద్రా పోయడానికి కొత్తాయనెవరో చేరుతున్నాడు. అక్కడా సిద్రా బావుంటే పాపం అతని గతేంటి?"