కంపచెట్ల ముందు మా పికెట్

జమ్మలమడుగు దాటాక ఉన్న పాత పత్తి గోడౌన్ దగ్గర మా పోలీసు సెక్షన్ దిగింది. పొద్దున పదకొండు. ఏప్రిల్ ఎండ. పదిమందిమి, ఒక వైర్‌లెస్ సెట్టు, రెండు టార్పాలిన్లు. ఎన్నికల ముందు రెండు పార్టీల వాళ్లు ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు. మగవాళ్లు పరారీ. ఆడవాళ్లూ పిల్లలూ అరవైమంది ఆ గోడౌన్లో తలదాచుకున్నారు. వాళ్లకు కాపలా మా డ్యూటీ.

చుట్టూ దున్నిన నల్లరేగడి. మనిషి నిలబడితే మైలు దూరానికి కనబడతాడు. చాటున్నది ఒక్క కంపచెట్ల దగ్గరే. ఎదుటి వర్గం వస్తే అటు నుంచే వస్తుందని హవల్దారు పికెట్ అక్కడే పెట్టించాడు. చీకటి పడితే ఎవరూ గోడౌన్ దాటొద్దని హుకుం. ఇసుక బస్తాలు నేనే మోశాను. నీడ దొరికిందని సంబరపడ్డాను కూడా.

మాది శ్రీకాకుళం వైపు. అప్పుడు నా భార్యకు ఏడో నెల. సెలవు ఎన్నికలయ్యాకే అన్నారు. కాపలా ఉన్నంతసేపూ ఆమె మీదే బెంగ. నడుము నొప్పికి ఎవరు కాపడం పెడుతున్నారో అని.

అందుకేనేమో గోడౌన్లోని బాలింత మీదికే నా చూపు పోయేది. గొర్రెలు కాసుకునే ఇంటి కోడలు. పన్నెండు రోజుల బిడ్డ. ఆ ఏడుపు రోజురోజుకీ సన్నబడింది. పాలు పడటం లేదన్నారు. తిండి చాలక అనుకున్నాం.

"బియ్యం, పప్పు ఎక్కువ పంపండి. ఓవర్" అన్నాడు హవల్దారు సెట్టులో.

లారీ బియ్యం, దుప్పట్లు, లుంగీలు దించింది. లుంగీ కట్టే మగవాడు అక్కడ ఒక్కడూ లేడు. బియ్యం వచ్చినా పాలు రాలేదు.

ఐదోరోజు చూస్తే నీళ్ల డ్రమ్ములు నిండుగానే ఉన్నాయి. బాలింతకు నీళ్లు తక్కువిస్తారని తెలుసు. మిగతావాళ్లకేమైంది? బాలింత అత్త నరసమ్మను అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తాగితే బయటికి పోవాల గదప్పా. ఉండే చాటంతా ఆ కంపచెట్లే. ఆడ మీరు తుపాకులు పట్టుకోని నిలబడుకోనుండారు. మేము యాడికి పోవాల?"

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"మొగోళ్లకు చెప్పే మాటనా అది? మీరన్నా అడిగితిరా? నా కోడలు పెదాలు తడుపుకోని పండుకుంటాంది. ఇంక పాలు యాన్నుంచి వస్తాయి?"

వెళ్లి హవల్దారుకు చెప్పాను. ఆర్డరు లేకుండా పికెట్ కదలదన్నాడు.

"నా భార్యకు ఏడో నెల సార్" అన్నాను.

ఆయన సెట్టు తీశాడు.

"పికెట్ రోడ్డు వైపు మారుస్తున్నాం. ఓవర్."

"కారణం? ఓవర్."

"ఆడవాళ్లకు మరుగు కావాలి. ఓవర్."

చాలాసేపు గరగర. తర్వాత, "మార్చండి."

సాయంత్రానికి బస్తాలన్నీ రోడ్డు వైపు మోశాం. మా టార్పాలిన్లు రెండూ కంపచెట్ల చుట్టూ కట్టాం. నీడ పోయిందని ఒక జవాను గొణిగాడు. తర్వాతి లారీకి జాబితా నరసమ్మే చెప్పింది. చీరలు, నూలు గుడ్డలు, సబ్బులు, చెంబులు. హవల్దారు బుద్ధిగా రాసుకుంటుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వారం తిరిగేసరికి బిడ్డ ఏడుపు పికెట్ దాకా వినబడింది.

నరసమ్మ బెంగ మాత్రం తీరలేదు. రోజూ కొండల వైపు చెయ్యి చూపించేది.

"మా ఊరు అగుపడతానే ఉంది. ఎప్పుడు పంపిస్తారప్పా? నా గొర్రెలు యాడ తిరుగుతాండాయో."

నన్నెప్పుడు పంపిస్తారో నాకే తెలియదు.

ఎన్నికలు, లెక్కింపు అయ్యి జూన్ వచ్చాక, ఇంటికి పోయే ఆర్డరు ముందు నాకే వచ్చింది. ప్రొద్దుటూరులో బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి ఆడపిల్ల పుట్టి ఆరు రోజులు. భార్య నీళ్లడిగింది. బాలింతకు అన్ని నీళ్లేంట్రా అని అమ్మ కసిరినా చెంబు నిండా ఇచ్చాను.

"ఏంటలా చూస్తున్నారు?" అంది నా భార్య.

వాళ్లు ఊరు చేరారో లేదో నాకిప్పటికీ తెలియదు. కళ్లముందున్నది ఒక్కటే. పికెట్ మార్చిన మర్నాడు పొద్దున, గోడౌన్ గుమ్మంలో ఆ బాలింత చెంబెత్తి, ఆగకుండా తాగుతోంది. నీళ్లు గడ్డం మీదుగా కారి రవిక తడుస్తోంది. చూపు మాత్రం వాళ్ల ఊరి వైపే ఉంది.