బాలస్వామి గదిలో గాలి చప్పుడు

తాండూరులో ఆయన్ను మైక్‌సెట్ బాలస్వామి అంటేనే ఎవరైనా గుర్తుపడతారు. బొంరాస్‌పేట దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మైకులు మోసే పనిలో చేరి, పెళ్లిళ్లకూ సువార్త కూటాలకూ సౌండు బాక్సులు కట్టి, నలభై దాటాక తన ఇంటి ముందు గదిని రికార్డింగు గదిగా మార్చుకున్నాడు. గోడలకు పాత పరుపులు కొట్టాడు. కిటికీ మూసేశాడు. ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు తెచ్చి పెట్టాడు.

ఆ కంప్యూటరంటే ఆయనకు ప్రాణం. ఎండ ఒక పక్క, నాపరాళ్ల పాలిషింగు దుమ్ము ఇంకో పక్క. డబ్బా ఎక్కడ వేడెక్కి పాడైపోతుందోనన్న బెంగతో సందు దొరికిన చోటల్లా ఒక ఫ్యాను బిగిస్తూ పోయాడు. చివరికి కంప్యూటరు ఆన్ చేస్తే కందులు తూర్పారబట్టే మిషను వేసినట్టుండేది. పాట మొదలయ్యే ముందు మాత్రం, చప్పుడొస్తుందని గదిలోని సీలింగు ఫ్యాను ఆపేసేవాడు.

“మనుషులకు ఒక్క ఫ్యాన్ లేదు, డబ్బాకు ఐదు,” అనేది ఆయన భార్య జ్యోతి. ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లల అల్లరికి అలవాటుపడ్డ మనిషి కాబట్టి ఆయన్ను కూడా అదే ఓపికతో చూసేది.

మర్పల్లి నుంచి సంతోషమ్మ పాడడానికి వచ్చేది. పొలం పనులకు పోయే మనిషి. చర్చిలో ఆమె గొంతెత్తితే మిగతావాళ్లు తగ్గించుకునేవారు. బాలస్వామి అక్కా అని పిలిచేవాడు. ఆమె మొదటి పాట రికార్డు చేసి ఫోనుకు పంపితే, చర్చిలో విన్నవాళ్లంతా ఒకటే అడిగారట.

“గాలివానల నిలబడి పాడినవా అని అడుగుతున్రు తమ్మీ,” అని ఆమె ఫోనులో చెప్పింది.

ఆ మాట బాలస్వామికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే రైలెక్కి వికారాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే రాజేందర్ దగ్గరికి పోయాడు. ఫ్యాన్లు తీసెయ్యనని, చప్పుడు మాత్రం తగ్గాలని పట్టుబట్టాడు.

రాజేందర్ రెండు ఫ్యాన్ కంట్రోలర్లు చూపించాడు. ఒకటి రంగురంగుల లైట్లతో, వేలితో తాకితే చాలు పనిచేసేది. ఇంకోటి నల్లటి పట్టీ మీద నాలుగు తిప్పుడు బిళ్లలు, అంతే. బాలస్వామి కళ్లు లైట్ల మీదే ఉన్నాయి.

“అన్నా, నీ ఫ్యాన్లకు ప్లగ్గు మూడు పిన్నులదా, నాలుగు పిన్నులదా?” అన్నాడు రాజేందర్.

బాలస్వామి ఎప్పుడూ చూసుకోలేదు. జ్యోతికి ఫోను చేసి డబ్బా తెరిపించి ఫొటో తెప్పించాడు. నాలుగు ఫ్యాన్లకు మూడు పిన్నులు. ప్రాసెసర్ మీదున్న ఒక్కదానికే నాలుగు.

“లైట్లది నాలుగు పిన్నుల ఫ్యాన్లకే నడుస్తది. మూడు పిన్నులవి దాని మాట వినయి. నీకు గీ బిళ్లలదే కరెక్టు. కరెంటు తగ్గించి ఫ్యాన్‌ను నెమ్మది చేస్తది. ఒక్కటి యాదిపెట్టుకో. ప్రాసెసర్ ఫ్యాన్‌ను దీనికి కలపకు. అది మదర్‌బోర్డు మీదనే ఉండాలె.”

“మైకులు కట్టుడు నాకు కొత్తనా?” అని బాలస్వామి పట్టీ సంచిలో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి కరెంటు వైరు పీకి, డబ్బా పక్క రేకు విప్పి, దుమ్ము దులిపి పనిలో దిగాడు. పట్టీని ముందు ఖాళీలో బిగించి, దాని కరెంటు ప్లగ్గును లోపలి పవర్ సప్లై వైరుకు తగిలించాడు. ఒక్కో ఫ్యాను తీగకూ ముందు, వెనక, పైన అని తెల్ల టేపు చుట్టి రాశాడు. పని నిజంగా శుభ్రంగా చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పైనున్న రెండు ఫ్యాన్లనూ ఒకే బిళ్ల మీదికి కలిపేసరికి నాలుగో బిళ్ల ఖాళీగా మిగిలింది. ఖాళీ బిళ్లను చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. ప్రాసెసర్ ఫ్యాన్‌ను బోర్డు మీంచి పీకి దానికి కలిపాడు.

ఆన్ చేయగానే ప్రాసెసర్ ఫ్యాను కనబడడం లేదని తెర మీద హెచ్చరిక వచ్చింది. బాలస్వామి ఏదో మీట నొక్కి దాన్ని పంపించేశాడు. ఆయన లెక్కలో బిళ్ల అంటే వాల్యూమే. అన్నిటినీ ఎడమకు పూర్తిగా తిప్పాడు. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం వినడానికి జ్యోతిని వంటింట్లోంచి పిలిచాడు.

“ఫ్యాన్లు తిరుగుతున్నయా?” అంది ఆమె.

“తిరిగితే చప్పుడు రాదా?” అన్నాడాయన, తన మాట తనకే బోధపడకుండా.

ఆదివారం ఆరాధన ముగించుకుని సంతోషమ్మ వికారాబాద్‌లో రైలు మారి తాండూరు చేరింది. ఆ రోజు ఆమె గొంతు ఎంత బాగా పలికిందంటే, జ్యోతి గుమ్మం దగ్గర గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడో చరణం ఎత్తుకుంటుండగా తెర నల్లబడింది. కంప్యూటరు వేడెక్కి తనను తాను ఆపేసుకుంది. అప్పటిదాకా పాడిందేదీ మిగల్లేదు.

“నా పాటకు పానం పోయిందా దానికి?” అని సంతోషమ్మ నీళ్లడిగింది.

బాలస్వామి మొహం చూడలేక జ్యోతే రాజేందర్‌కు ఫోను కలిపింది. చెప్పిన మాట మళ్లీ చెప్పి, రాజేందర్ ఇంకోటి కూడా చెప్పాడు: రెక్కలు ఆగకుండా నెమ్మదిగా తిరిగే చోటి కంటే కిందికి బిళ్లను తిప్పొద్దు. బాలస్వామి ప్రాసెసర్ ఫ్యాన్‌ను బోర్డు మీదికి మార్చాడు. మిగతావాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసి, రెక్క నిలకడగా తిరిగే చోట జ్యోతి గోర్ల రంగుతో చుక్క పెట్టింది.

“చుక్క దాటితే నీ చెయ్యి నీది కాదు,” అంది.

పాట మళ్లీ మొదలైంది. ఈసారి కంప్యూటరు వేడెక్కలేదు, గాలి చప్పుడు లేదు. కానీ వింటుంటే వెనక సన్నగా ఒక రొద. బాలస్వామికి ఇలాంటివి బాగా తెలుసు. ఎర్తింగు లోపమన్నాడు. వైర్లు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, కొత్త కంట్రోలరును అనుమానించాడు. ఇంకోసారి పాడించాడు. రొద అలాగే ఉంది.

జ్యోతి హెడ్‌ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది. కాసేపు విని మెల్లగా నవ్వింది.

“గీ రొదకు రాగమున్నది. అక్క పైకి పోతే గిది గూడ పైకి పోతున్నది. గిది వైరు కాదు, నువ్వు.”

సంతోషమ్మ పాడుతున్నంత సేపూ ఆయన పెదవులు మూసుకుని కూనిరాగం తీస్తున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇన్నాళ్లూ ఐదు ఫ్యాన్లూ కలిసి ఆ గుట్టు కాపాడాయి.

ఆయన్ను బయట నాపరాయి అరుగు మీద కూర్చోబెట్టి తలుపేశారు. బిళ్లలూ కంప్యూటరూ జ్యోతి చేతికి వచ్చాయి. కానీ సంతోషమ్మ మొదటి చరణమే మరీ పై శ్రుతిలో ఎత్తుకుంది. రెండో దానికి గొంతు అందలేదు. మళ్లీ మొదలుపెట్టినా అంతే అయింది.

“ఆయన్ను పిలువమ్మా,” అందామె. “తమ్ముని రొద లేకుంటే నాకు పట్టు దొరుకుతలేదు. గీ గదిల దాన్ని పట్టుకునే పాడినట్టున్న.”

తలుపు తీసేసరికి బాలస్వామి పక్కింటాయనకు ఎర్తింగు గురించి చెబుతున్నాడు. లోపలికి రమ్మంటే కాస్త బెట్టు చేశాడు గానీ, లేవడం మాత్రం వెంటనే లేచాడు. జ్యోతి ఆయన ముందు విడిగా పాత మైకు ఒకటి పెట్టింది. ఆయన రొద వేరుగా రికార్డయితే తగ్గించుకోవచ్చని ఆమె ఆలోచన. కూనిరాగం తీయమని అడిగితే మాత్రం ఆయనకు రాలేదు. దగ్గాడు, సిగ్గుపడ్డాడు. సంతోషమ్మ పాటలో పడ్డాక, మైకు సంగతి మరిచిపోయాక, దానంతటదే వచ్చింది.

ఆ పాట మర్పల్లి చర్చిలో వినిపించినప్పుడు గాలివాన గురించి ఎవరూ అడగలేదు. వెనక తంబూర ఎవరు పట్టారని మాత్రం పాస్టరుగారు అడిగారట. మా తమ్ముడేనని సంతోషమ్మ చెప్పింది. ఆ సంగతి విన్నప్పటి నుంచి బాలస్వామి సంతలో ఎవరు పలకరించినా ముందు గొంతు సవరించుకుంటున్నాడు.