పర్సోం పోదామన్న గౌస్

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద గౌస్ పేరు.

నేను హలో కూడా అనలేదు. "ఏం భాయ్, నీ పర్సోం అయ్యిందా?" అన్నాను.

అవతల వాళ్లమ్మాయి.

"అంకుల్... అబ్బా నహీ రహే."

గౌస్ నిద్రలోనే పోయాడట. ఆ పిల్ల ఇంకేదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మొన్న సాయంత్రమే కదా మాట్లాడాడు! కాలువ గట్టు మీద ఒక్కసారి సైకిళ్లు తొక్కుదాం, పర్సోం పోదాం అన్నాడు. సరే అన్నాను.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చి వచ్చాను. ఇంకా షాక్‌లోనే ఉన్నాను.

మీలో చాలామందికి అతను గౌస్ చాచా. కుంటుతూ నడిచే, అందరినీ నవ్వించే ముసలాయన. నాకు తెలిసిన గౌస్ వేరు. వాడి గురించి చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మాది హుస్సేనీ ఆలంలో ఒకటే గల్లీ. మా నాన్న వడ్రంగి. వాళ్ల అబ్బా గండిపేట కాలువ కావలి. సిటీకి నీళ్లు తెచ్చే ఆ కాలువ వెంట రోజూ సైకిల్ మీద తిరిగి, గట్టు ఎక్కడైనా చెడిందా, నీళ్లు కారుతున్నాయా అని చూడాలి.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆయన చూపు పోయింది. కొడుకు చేయగలిగితే కొలువు ఇంట్లో ఉంటుంది. లేదంటే పోతుంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

ఆ కొడుకు గౌస్. చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమకాలు పుల్లలా ఉండేది.

కొత్తగా వచ్చిన ఇంజనీరు సార్ వాడిని కింది నుంచి పైదాకా చూశాడు. గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ గండిపేట చెరువు గేటు దాకా వచ్చి చూపించు, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఎప్పుడు రావాలి సార్ అంటే, "పర్సోం" అన్నాడు.

ఇక్కడే వచ్చింది తంటా.

సార్‌ది గుంటూరు వైపు. ఉర్దూని పుస్తకం చూసి నేర్చుకున్నాడు. పుస్తకంలో పర్సోం అంటే ఎల్లుండి, జరిగిపోయినదైతే మొన్న. మా పాతబస్తీలో ఆ మాటకి అంత కచ్చితం ఎక్కడిది? ఇద్దరు పిల్లల తండ్రి కూడా "పర్సోమే షాదీ అయ్యింది" అంటాడు. షేర్వానీ ఎప్పుడిస్తావని దర్జీని అడిగితే పర్సోం అంటాడు, పండగ వెళ్లిపోతుంది. మా లెక్కలో పర్సోం అంటే ఎప్పుడో ఒకప్పుడు.

కాబట్టి మేం నిమ్మళంగా ఉన్నాం. నయాపూల్ దగ్గర సైకిల్ టాక్సీలో రెండు సైకిళ్లు తీసుకున్నాం. అద్దె సైకిళ్ల దుకాణాన్ని అందరం అలాగే అనేవాళ్లం. పాత ట్యూబ్ ముక్కతో గౌస్ తన కుడికాలిని పెడల్‌కి గట్టిగా కట్టేసుకున్నాడు. కిందికి తొక్కేదీ ఆ కాలే, పెడల్‌ని పైకి లాగేదీ ఆ కాలే. ఆగాలంటే మాత్రం చెట్టునో గోడనో పట్టుకోవాలి.

ఆ సాయంత్రమే ప్రాక్టీస్ చేశాం. మర్నాడు రెస్ట్. ఏం పొడిచామని రెస్ట్ తీసుకున్నామో!

ఆ మర్నాడు పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే, నీళ్ల ఆఫీసు అటెండర్ మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. "ఏంది మీరు గీడ కూసున్నరు? సార్ జీపేసుకొని గండిపేట పోయిండు, మీ కోసమే!"

చాయ్ అక్కడే వదిలేశాం.

కార్వాన్ దాటి, లంగర్‌హౌస్ దగ్గర గట్టెక్కాం. ఒక పక్క గోల్కొండ, సుల్తానుల సమాధులున్న గుంబదుల తోటలు. ఇంకో పక్క మూసీ. ఆ పైన అంతా చింతచెట్లు, సీతాఫలం పొదలు, రాళ్లు. మస్తు అందంగా ఉంటుంది ఆ దారి. ఆ రోజు మాత్రం నాకు వాడి వీపు తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఒక మలుపులో చింతవేరు తగిలి సైకిల్‌తో సహా పడ్డాడు. కాలు కట్టి ఉంది కదా, సైకిల్ కింద ఇరుక్కుపోయింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు. నాకు ఏడుపొచ్చింది. కూర్చుని ముడి విప్పబోయాను.

నా చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పకు యాద్గిరీ. విప్పితే నేను ఇంటికి పోత. లేపు. గిట్లనే లేపు."

అలాగే లేపాను. ఎక్కించాను. తోశాను.

మేం చేరేసరికి జీపు స్టార్ట్ అయి ఉంది. గేటు దగ్గర పట్టుకోవడానికి ఒక్క చెట్టు లేదు. గౌస్ నేరుగా వెళ్లి జీపునే పట్టుకుని ఆగాడు. సార్ వాచీ చూపించి మండిపడ్డాడు, మాట మీద నిలబడని మనిషికి కొలువు ఎందుకని.

గౌస్ రొప్పుతూనే అన్నాడు. "మీ పర్సోం, మా పర్సోం ఒకటి కాదు సార్. అయినా వచ్చిన."

సార్ కాసేపు ఆ మోకాలినీ ఆ ట్యూబ్ ముడినీ చూశాడు. దిగు అన్నాడు. చెట్టు లేదు సార్, జీపు కదిలితే పడ్త అన్నాడు గౌస్. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. సార్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ కొలువు రిటైరయ్యేదాకా గౌస్‌దే. వానలో, ఎండలో, జ్వరంలో కూడా తిరిగాడు. వద్దంటే వినే రకం కాదు, ఉత్త మొండోడు. అలాంటివాడు చెప్పాపెట్టకుండా పోతాడని ఎవరనుకుంటారు?

ఇప్పుడు ఆ గట్టు ముక్కలు ముక్కలుగా మిగిలింది. చాలాచోట్ల ఇళ్లొచ్చాయి. నా మోకాళ్లు కూడా నా మాట వినడం లేదు.

అయినా సరే. మనవడి సైకిల్‌కి గాలి కొట్టించాను. ఎల్లుండి పొద్దున లంగర్‌హౌస్ దగ్గర గట్టెక్కుతాను. దారి ఉన్నంతవరకు తొక్కుతాను, లేనిచోట నడిపిస్తాను. గేటు దాకా పోతాను. ఇది ఇంజనీరు సార్ లెక్క పర్సోం, తప్పేది లేదు. ఎవరైనా వస్తానంటే రండి.

నువ్వు ఫికర్ చేయకు గౌస్. అల్లా నీకు చల్లని జాగ ఇవ్వాలె, ఇక నిమ్మళంగా పండుకో.

మనం కలిసేది మాత్రం మన లెక్కలోనే భాయ్.

పర్సోం.