రొయ్య పొట్టు, ఇనుప కల్వం

నా పరిశోధన ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్లాటినం చేసే పనిని బొగ్గు చేత చేయించడం. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో ఆక్సిజన్ చురుగ్గా నీరుగా మారాలంటే ప్లాటినం తోడుండాలి. దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది. నైట్రజన్ కలిసిన సన్నటి కార్బన్ కూడా ఆ పని చేయగలదు. నైట్రజన్ రొయ్య పొట్టులో బోలెడుంది. చెన్నై సముద్రపొడ్డున తిరువొత్తియూరులో పుట్టి పెరిగినదానికి రొయ్య పొట్టుకు కరువా?

మిద్దె మీద ఎండబెట్టి, ల్యాబ్‌లో రాతి కల్వంలో నూరి, గాలి తగలకుండా ఫర్నేస్‌లో కాల్చేదాన్ని. నూరీ నూరీ అరచేతులు బొబ్బలెక్కాయి. అది చూసి అమ్మ ఇంట్లోనే దంచి, జల్లించి డబ్బాలో పోసివ్వడం మొదలుపెట్టింది.

"మైదా మాదిరి ఉండాది, చూడు" అనేది మురిసిపోతూ.

దేంట్లో దంచావని నేను అడగలేదు. పని తప్పిందని సంతోషించాను, అంతే.

ఆ పొడితో చేసిన కార్బన్ అద్భుతంగా పనిచేసింది. లోహమన్నదే లేని కార్బన్ అని ల్యాబంతా టాంటాం వేసుకున్నాను. తీరా పరీక్షకు పంపితే, యాసిడ్‌తో కడిగినా పోని ఇనుము అందులో తేలింది. ఇక ఆ గొప్పతనం కార్బన్‌దో ఇనుముదో ఎవరు చెప్పగలరు? థీసిస్‌లో ఒక అధ్యాయం గంగలో కలిసినట్టే.

"పొడి ఎవరు చేశారు?" అని మా గైడ్ సార్ ల్యాబ్‌లో అందరి ముందూ అడిగారు.

"మా అమ్మ సార్. ఆమెకేం తెలుసు?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అది చాలదన్నట్టు, ఇంటికొచ్చి వంటింట్లో మిరియాలు దంచే ఇనుప కల్వం చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"లోహమనేది దానికి తగలనే కూడదు! ఎవురు దంచమన్నారు నిన్ను?"

"నీ చేతులు పుండ్లు పడి ఉండినాయే, అందుకే" అంది అమ్మ. కల్వం తీసి అటక మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున మిద్దె మీద కొత్త పొట్టు ఆరబోస్తుంటే అమ్మ పైకొచ్చి దూరంగా నిలబడింది. కింద నాన్న నిక్షేపంగా ఇడ్లీ తింటున్నారు. ఇక్కడ ఈమె చేతులు రెండూ బోడిగా ఉన్నాయి. పెళ్ళయినప్పటినుంచి స్నానానికి కూడా తీయని బంగారు గాజులు.

"గాజులు కూడా తీసిపెట్టేసినా" అంది. "ఇప్పుడు తాకొచ్చునా?"

తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను. చాట ఆమె వైపు జరిపాను.