అంబలి చెంబులో తెల్లపొడి

మదనపల్లె టమాటా మార్కెట్లో ఆదినారాయణది పేరున్న భుజం. నలభై నాలుగేళ్ల హమాలీ. నిండు క్రేట్లు రెండేసి ఎత్తి లారీకి అందిస్తాడు. తోటి హమాలీలెవరైనా కండల కోసం పొడి తాగుతున్నారని తెలిస్తే మాత్రం ఊరుకోడు. "సంగటి తినే నోటికి ఆ సున్నం యాలరా?" అంటాడు.

చెప్పేవి శ్రీరంగనీతులు. రెండేళ్ల కిందట భుజాలు మొరాయిస్తే, పక్కనున్న అంగళ్లు ఊరి దాకా పోయి ఆ సున్నమే కొనుక్కొచ్చాడు. డబ్బా మీద క్రియాటిన్ అని రాసుంది. నీళ్లలో కలిపితే తెల్లగా కనిపించి పరువు పోతుంది. అందుకని సాయంత్రమే పుల్లటి అంబలిలో రెండు చెంచాలు వేసి మూతపెట్టి, పొద్దున్నే తాగి పనికి పోయేవాడు.

ఇంతలో పుంగనూరులో ఉన్న అక్క అంబికకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. "నాదొకటి తీసుకో" అన్నాడు ఆదినారాయణ, చేట అరువిచ్చినంత తేలిగ్గా. రక్తం గ్రూపు కలిసింది. కిడ్నీలు వడగట్టాల్సిన క్రియాటినిన్ మాత్రం రక్తంలో ఉండాల్సినదాని కంటే ఎక్కువొచ్చింది. మళ్లీ చేసినా అంతే. డాక్టర్ నీరజ కాగితం పక్కన పెట్టేసింది.

"మీ కిడ్నీలే సరిగ్గా లేవేమో. ఇంకెవరైనా ఇచ్చేవాళ్లున్నారా?"

ఇంకెవరూ లేరు. అంబిక తన సంగతి వదిలేసి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నీకూ వచ్చిందా నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఏడుపు చూసి ఆదినారాయణ డాక్టర్ వైపు తిరిగాడు. గుమ్మంలో, రక్తమిస్తామని వచ్చిన నలుగురు హమాలీలు చేతులు కట్టుకుని నిలబడున్నారు.

"మేడం, నేను పొడి తాగుతాండాను" అన్నాడు, వాళ్లకూ వినిపించేలా. డబ్బా మీది పేరు, అంబలి సంగతి కూడా చెప్పాడు.

నీరజ నవ్వలేదు. "అది పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి కండల్లోకి పోతుంది. కండలు పట్టుకోలేనిది మూత్రంలో పోతుంది. కండల్లో ఉన్నదీ రోజూ కొంచెం క్రియాటినిన్‌గా మారుతుంది, దాన్ని కిడ్నీలు బయటికి తోస్తాయి. మేం కొలిచేది దాన్నే. పులుపులో నానబెట్టారు కాబట్టి కొంత చెంబులోనే మారిపోయుంటుంది. కిడ్నీ బాగుందో లేదో ఇప్పుడే చెప్పలేను. నెలన్నర మానేసి రండి."

గుమ్మంలోని హమాలీల్లో మునెప్ప గొంతు సవరించుకున్నాడు. "సంగటి బలమంటివి కదన్నా?"

"సంగటీ తింటాన్లేప్పా."

ఆ నెలన్నరా మార్కెట్లో ఆదినారాయణ ఒక్కో క్రేటే ఎత్తాడు. మునెప్ప రోజూ సున్నం క్షేమసమాచారాలు అడిగాడు. మళ్లీ పరీక్ష చేస్తే క్రియాటినిన్ దిగొచ్చింది. మిగతా పరీక్షలూ సరిపోయాయి. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

ఆ కబురు చెప్పడానికి పుంగనూరు పోతే, అంబిక అడిగింది: "రెండేండ్లు దాచినోడివి, ఆపొద్దు అందరి ముందరా యాల చెప్పినావు?"

"అన్నాళ్లూ అది నా పరువక్కా. ఆపొద్దు నీ ప్రాణమైపాయ."

అంబిక లేచింది. లోపలికి పోయి చెంబుతో అంబలి తెచ్చింది. ఆదినారాయణ అందుకుని, అలవాటు కొద్దీ అడుక్కంటా చూశాడు.

"ఉత్తదే" అంది అక్క. "తాగు."